దక్షిణామూర్తి గారి నైంటీ వన్

దక్షిణామూర్తి గారికి మనుషుల పేర్లు గుర్తుండవు, ర్యాంకులు గుర్తుంటాయి. దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలోని తెలుగువాళ్ళలో ఎవరు భోజనానికి పిలిచినా, చెప్పులు విప్పుతూనే ఆ ఇంటి పిల్లల మార్కులు అడుగుతాడు. పిల్లలు లేని ఇంట్లో పెద్దల ర్యాంకులు అడుగుతాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు "నీ పేరేంటమ్మా" అనలేదు. "ఎంసెట్‌లో ఎంత?" అన్నాడు. అప్పటికి నేను మెకానికల్ ఇంజినీరుగా ఏళ్ళ తరబడి పనిచేసి, ఇక్కడి పారిశ్రామిక ప్రాంతంలో ఇంజిన్లు విప్పే ఒక వర్క్‌షాపులో సర్వీసు విభాగం చూస్తున్నదాన్ని, ఒక పిల్ల తల్లిని. అయినా నవ్వుతూనే "నలభై వేల పైన వచ్చింది మాస్టారూ" అన్నాను. పాయసంలో ఈగ కనపడ్డట్టు ముఖం పెట్టాడు. శ్రీసుధ అనే నా పేరు ఆయన నోట ఆ తర్వాత ఎన్నడూ వినలేదు. ఆయనకి నేను "ఫార్టీ థౌజండ్".

కాబట్టి ఈ మనిషి గురించి నేను నిష్పక్షపాతంగా రాస్తానని ఎవరూ ఆశపడొద్దు. నాకు ఆయనంటే గౌరవం లేదు. ఉన్న కాస్తా ఒక పెట్రోలు బంకులో పోయింది. అది ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఆయన సంగతి కొంత చెప్పాలి.

ఆయనది పొన్నూరు. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పిల్లల్ని మార్కుల వారీగా సెక్షన్లు చేసి, మొదటి సెక్షనుకి ఏసీ గది, చివరి సెక్షనుకి రేకుల షెడ్డు ఇచ్చే రకం కాలేజీ అది. అక్కడ ఆయన పిల్లలకి ఏం నేర్పాడో గానీ, తాను మాత్రం ఒకటి బాగా నేర్చుకున్నాడు. మనిషికి ఒక అంకె అతికించేస్తే ఇక ఆ మనిషి గురించి ఆలోచించే పని ఉండదు. ఆ విద్య మూట కట్టుకుని ఇక్కడి ఒక స్కూలుకి టీచరుగా వచ్చాడు.

2020లో బడులు మూతపడి పిల్లలందరూ ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు ఆయన దశ తిరిగింది. పడకగది గోడకి తెల్లబోర్డు తగిలించి ఆన్‌లైన్ ట్యూషన్లు మొదలుపెట్టాడు. ఆయన క్లాసు జరిగినంతసేపూ భార్య చాముండేశ్వరి మిక్సీ వేయకూడదు, కుక్కరు పెట్టకూడదు, తుమ్మొస్తే బాల్కనీలోకి వెళ్ళి తుమ్మాలి. ఆవిడే ఒకసారి నాతో అంది, "మా ఇంట్లో పప్పు ఉడకాలన్నా త్రికోణమితి అయిపోవాలమ్మా" అని. రెండేళ్ళు తిరిగేసరికి రాస్ అల్ ఖైమాలోనే కాదు, ఎక్కడో దూరాన కల్బా ఊళ్ళో ఉన్న తెలుగు పిల్లలు కూడా ఆయన తెరముందు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు.

లెక్కలు బాగానే చెబుతాడు. అబద్ధమాడి నేను బావుకునేదేముంది? మా అమ్మాయికి భిన్నాలు ఆయన దగ్గరే ఒంటబట్టాయి. కానీ ఆ చెప్పే తీరు చూస్తే నా ఒళ్ళు మండేది. పిల్ల జవాబు చెబితే చాలదు. "గట్టిగా చెప్పు. వెనక బెంచీకి వినపడాలి" అంటాడు. తప్పు జవాబైతే అదే తప్పుని మరింత గట్టిగా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తాడు, మిగతావాళ్ళు నవ్వేదాకా. ఆన్‌లైన్ క్లాసులో వెనక బెంచీ ఎక్కడుంటుందో ఆ సరస్వతికే తెలియాలి. వెనక బెంచీ అంటే ఆయన దృష్టిలో ఒక స్థలం కాదు లెండి, మనలాంటి వాళ్ళమందరం.

ఇక పెట్రోలు సంగతి. ఇక్కడి బంకుల్లో పెట్రోలు మూడు రకాలు. తొంభై ఎనిమిది, తొంభై ఐదు, కొన్ని బంకుల్లో మాత్రం తొంభై ఒకటి. వాటిని ఆక్టేన్ అంకెలంటారు. ఈ అంకెలు చూడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పెట్రోలుకి కూడా మార్కులు వేశారన్నమాట! అప్పట్లో ఆయనకి ఒక పాత సన్నీ కారు ఉండేది. స్కూలుకీ ఇంటికీ తిరగడానికి తప్ప ఎందుకూ పరుగెత్తని కారు. దానికి ఆయన ఏళ్ళ తరబడి తొంభై ఎనిమిదే పోయించాడు. ఎవరైనా తొంభై ఐదు పోయించుకుంటున్నానంటే జాలిగా చూసేవాడు. తొంభై ఒకటి పోయించుకునేవాళ్ళ ఇంట్లో కాఫీ తాగడానికి కూడా ఆలోచించేవాడేమో.

"మాస్టారూ, ఆ అంకె బలానికి గుర్తు కాదు, ఓర్పుకి గుర్తు" అని ఒకసారి చెప్పాను. గాలినీ పెట్రోలునీ కలిపి సిలిండర్లో నొక్కితే వేడెక్కుతాయి. మరీ నొక్కితే, స్పార్కు మంట తమదాకా రాకముందే వాటంతట అవే భగ్గుమంటాయి. పిస్టను నెత్తిన సుత్తితో మోదినట్టవుతుంది. అలా తొందరపడి అంటుకోకుండా పెట్రోలు ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో చెప్పేదే ఆ అంకె. ఎంత చెట్టుకి అంత గాలి. సన్నీ లాంటి ఇంజిన్ అంతగా నొక్కదు కాబట్టి దానికి తొంభై ఎనిమిది పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే. టర్బో ఉన్న వేగం కార్లు గాలిని కూరి కూరి నొక్కుతాయి, వాటికి కావాలి ఆ ఓర్పు.

ఆయన అంతా విని, "చూడు ఫార్టీ థౌజండ్, మందబుద్ధి పిల్లవాడికే మంచి ట్యూషన్ కావాలి. నా సన్నీ మందబుద్ధి. అందుకే దానికి నైంటీ ఎయిట్" అన్నాడు. పక్కనున్న తండ్రులందరూ ఆహా అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా వాడు కనీసం శంఖాన్ని చూస్తాడు. ఈయన అదీ చూడలేదు.

ఆయన పెట్రోలు పోయించుకునే బంకులోనే నేనూ పోయించుకుంటాను. అక్కడ పైపు పట్టుకునే షఫీది రాయచోటి. తెలుగు ముఖం కనపడితే చాలు, ఎండలో నిలబడి చెమటలు కక్కుతూ కూడా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. వాగుడుకాయ. ట్యాంకు నిండేలోపు ఊళ్ళో వానల దగ్గర్నుంచి ఇక్కడి క్యాంపులో చేపల పులుసు దాకా చెప్పేస్తాడు. దక్షిణామూర్తి గారు మొదటి రోజే అతన్ని మార్కులడిగాడు. పదో తరగతి తప్పానని షఫీ నవ్వుతూనే చెప్పాడు. నవ్వకుండా ఉంటే బాగుండేదని నాకనిపించేది. ఆ నవ్వు చూసే మాస్టారికి మరింత అలుసు.

షఫీకి ఒక కూతురు, సనోబర్. రాయచోటిలో ప్రభుత్వ బడిలో చదివి పదో తరగతిలో బడికంతా మొదటిదిగా వచ్చింది. ఆ మార్కుల కాగితం ఫొటో ఫోన్లో పెట్టుకుని, మాస్టారు వచ్చిన రోజు పైపు తగిలించి మరీ చూపించాడు. "సార్, కడపలో ఇంటర్‌కి చేర్పిస్తాండాను. ఏ గ్రూపు తీసుకుంటే మేలో ఒక్క మాట చెప్పండి సార్" అన్నాడు. మాస్టారు ఫోను చేత్తో కూడా ముట్టుకోలేదు. "గవర్నమెంటు బడి మార్కులు నేను లెక్కలోకి తీసుకోను షఫీ. బడి మారితే మార్కు విలువ మారుతుంది. ఆ పేపరు వేరు, మా పేపరు వేరు" అని అద్దం ఎత్తేశాడు. ఆ మాట నేను పక్క వరసలో ఉండి విన్నాను. దయచేసి మీరూ గుర్తుపెట్టుకోండి. పేపరు మారితే మార్కు విలువ మారుతుందని ఈ మనిషికి తెలుసు.

2023 వేసవిలో మాస్టారు కొత్త కారు కొన్నాడు. కొత్తదంటే ఆయనకి కొత్తది. అమెరికాలో ఎవరో వాడి వదిలేస్తే ఓడలో ఎక్కి షార్జా పాత కార్ల షోరూములో దిగిన ఎర్ర టర్బో కారు. అలాంటి కార్లు ఇక్కడ కొల్లలు. ముందు వాడినవాడు ఇంజిన్ కంప్యూటర్ని మార్పించి ఇంకాస్త బలం పిండుకుంటాడు, రక్షణలు సడలిస్తాడు. తర్వాత కొన్నవాడికి అది పైకి కనపడదు. మాస్టారికి కనపడింది ఒకటే, రంగు. స్కూలు ముందు ఆ కారు ఆపితే పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. యాభై దాటిన మనిషి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, లుంగీ కట్టుకున్న రోజుల్ని మరిచిపోయి, ఆ ఎర్రకారులోంచి నడుం పట్టుకుని దిగుతుంటే చూడాలి.

ఆ కారు పెట్రోలు మూత లోపల ఒక చీటీ అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో "ప్రీమియం" అనే మాట, కనీసం తొంభై ఒకటి ఆక్టేన్ అనే అంకె ఉన్నాయి. మాస్టారు అక్షరాలు చదవడు కదా, అంకె చదివాడు. తొంభై ఒకటి! ఇంకేం, ఆయన సిద్ధాంతానికి సాక్ష్యం దొరికింది. ఇది టాపర్ ఇంజిన్. టాపర్‌కి ట్యూషన్ అక్కర్లేదు, ఏ పుస్తకం ఇచ్చినా ర్యాంకు తెస్తాడు.

వినాయక చవితికి సంఘం వాళ్ళు పెట్టిన భోజనాల్లో ఈ మాట పదిమందికి చెబుతుంటే నేను ఉండబట్టలేక కలగజేసుకున్నాను. తెలియకుండా తప్పు చేసేవాణ్ణి వదిలేయొచ్చు, పులిహోర తింటూ తప్పుని బోధించేవాణ్ణి ఎలా వదిలేయడం?

"మాస్టారూ, అది అమెరికా తొంభై ఒకటి. వాళ్ళు పెట్రోలుకి రెండు పరీక్షలు పెడతారు, ఒకటి సులువు పేపరు, ఒకటి కష్టం పేపరు. రెండిటి సగటు మూత మీద రాస్తారు. మన బంకుల్లో రాసేది ఒక్క సులువు పేపరు మార్కే. అక్కడి తొంభై ఒకటి ఇక్కడి తొంభై ఐదూ, ఆ పైనా. ఇక్కడి తొంభై ఒకటి పోస్తే ఈ ఎండల్లో ఆ ఇంజిన్ బతకదు. తొంభై ఎనిమిది పోయించండి."

ఇంత విడమరచి చెప్పాక లెక్కల మాస్టారికి అర్థం కాదంటే నమ్ముతారా? అర్థమయ్యే ఉంటుంది. కానీ చెప్పింది ఎవరు? ఆయన చెంచా విస్తట్లో పెట్టి, నెమ్మదిగా, అందరికీ వినపడేలా అడిగాడు.

"ఇంతకీ నీ ర్యాంకెంతన్నావమ్మా?"

అందరూ నవ్వారు. నేను పట్టుకున్న కుందేటికి నాలుగు కాళ్ళున్నాయని ఒట్టేసి చెప్పినా, ఆయన కుందేటికి మూడే. విస్తరి తీసి లేచిపోయాను.

ఆ మర్నాడే తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. బంకులో ఎర్రకారు పక్కన నిలబడి మాస్టారే తీసుకున్నాడు. "డియర్ పేరెంట్స్" అని మొదలు. మూత తెరిచి చీటీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏం రాసుంది? నైంటీ వన్. కంపెనీవాడు నైంటీ వన్ అంటాడు. ఒక ఫార్టీ థౌజండ్ ర్యాంకు ఇంజినీరమ్మ నైంటీ ఎయిట్ అంటుంది. ఎవరి మాట వినాలి? ఇప్పుడు ఇంకో మేధావిని చూపిస్తాను" అని ఫోను తిప్పాడు. పైపు పట్టుకుని షఫీ, ఎప్పటి నవ్వుతోనే.

"ఈయన షఫీ, టెన్త్ ఫెయిల్. ఏం పొయ్యమంటావు షఫీ?"

"ఇట్లాంటి బండ్లకి అందరూ నైంటీ ఎయిటే పోయించుకుంటారు సార్."

"అందరూ! విన్నారా, మంద ఎటు పోతే అటు. ఇక్కడేం రాసుందో చదువు."

"నైంటీ వన్ సార్."

"గట్టిగా చెప్పు. వెనక బెంచీకి వినపడాలి."

"నైంటీ వన్!"

"మరి ఏం పొయ్యాలి?"

"నైంటీ వన్ సార్" అన్నాడు షఫీ. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు కిందికి దిగాయి.

గ్రూపులో వరసగా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. నేను ఆ వీడియో ఫోన్లోంచి తీసేయలేదు. ఎప్పుడో పనికొస్తుందని కాదు. చూసినప్పుడల్లా కోపం వస్తుంది, ఆ కోపం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

కొన్ని వారాలు బండి తిరిగింది. ఊళ్ళో నెమ్మదిగా తిప్పితే ఏదో లాక్కొచ్చింది. సెలవురోజు మధ్యాహ్నం, సెగలు కక్కే ఎండలో, ఇద్దరు శిష్యుల తండ్రుల్ని ఎక్కించుకుని జెబెల్ జైస్ కొండ ఎక్కించాడు మాస్టారు. అది ఈ దేశంలోకెల్లా పెద్ద కొండదారి, మలుపులన్నీ ఎత్తుకే. ఇంజిన్ లోపలినుంచి డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు టకటకమని శబ్దం వచ్చిందట. వెనక కూర్చున్నాయన భయపడితే, "టాపర్లు పెన్సిలు కొరుకుతారు, ఏం కాదు" అన్నాడట. సగం కొండ ఎక్కేసరికి వెనక నీలం పొగ, ముందు ఎర్రదీపం. కారు ఆగిపోయింది. టాపర్ వచ్చి మా వర్క్‌షాపులో పడింది, లారీ మీద.

ఇంజిన్ విప్పించాను. ఒక పిస్టను అంచు విరిగి ముక్కలైంది. సుత్తి దెబ్బలు తిన్న ఇంజిన్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ట్యాంకులోది పరీక్షిస్తే తొంభై ఒకటి.

"తొంభై ఒకటి పోయడం వల్లే పోయింది మాస్టారూ" అన్నాను. దెప్పాలని నాలుక దురద పుట్టింది, కానీ కస్టమరు కదా, మింగేశాను.

వాదిస్తాడనుకున్నాను. ర్యాంకు అడుగుతాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అంతేనంటావా? ఖచ్చితంగా? అయితే అదే రాసివ్వమ్మా" అన్నాడు. ఆయన నా మాట నమ్మడం అదే మొదటిసారి. నాకు ఆశ్చర్యమే వేసింది గానీ అనుమానం రాలేదు. కంపెనీ కాగితం మీద ఉన్నదున్నట్టు రాసిచ్చాం. "థాంక్స్ అమ్మా" అన్నాడు. ఫార్టీ థౌజండ్ అనలేదు. అప్పుడైనా నాకు తెలియాల్సింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టే మనిషి, మర్యాదగా మాట్లాడితే ఎవరి జుట్టో అందిందన్నమాట.

మళ్ళీ పెట్రోలుకి వెళ్ళినప్పుడు షఫీ లేడు. అడిగితే, ఆఫీసు గది వెనక నీడలో కూర్చుని ఉన్నాడన్నారు. వెళ్ళి చూశాను. యూనిఫాం టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ముఖాన నవ్వు లేకుండా చూడటం అదే మొదలు.

"పైపు ముట్టుకోవద్దన్నారక్కా. ఆ ఎర్రకారు సార్ కంప్లైంటు ఇచ్చినాడు. తాను మొదటినుంచీ నైంటీ ఎయిట్ అడిగితే నేను చదువు రానోణ్ణి, చూసుకోకుండా నైంటీ వన్ పోసినానంట. ఇంజిన్ పోయింది, బంకోళ్ళే కొత్త ఇంజిన్ వెయ్యాలంట."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పినా. రసీదులు తీసి చూపిచ్చినారు, నైంటీ వన్ అనే ఉండాది. పోసింది నేనే గదా. కెమెరాలో బొమ్మ ఉండాది గానీ మాట లేదు. సార్ టీచరు, నేను టెన్త్ ఫెయిల్. ఎవురి మాట నమ్ముతారక్కా? ఆదివారం సార్‌ని పిలిచి మాట్లాడతాడంట ముదీర్. తప్పు నాదేనని పైకి రాస్తే వీసా ఖలాస్." టోపీని అటూ ఇటూ తిప్పాడు. "సనోబర్ కాలేజీ మధ్యలో ఉండాది. నేను ఊరికి పోతే దాన్ని మాన్పియ్యాల్సిందే. హుస్సేనమ్మకి ఇంకా చెప్పలా."

హుస్సేనమ్మ అతని భార్య, ముదీర్ అంటే బంకు మేనేజరు. ఆడలేక మద్దెల ఓడన్న వాణ్ణి చూశాను గానీ, మద్దెల వాయించేవాడి చేతులు నరకమన్నవాణ్ణి అప్పుడే చూడటం. పైగా ఆయన ముదీర్ బల్ల మీద పెట్టిన కాగితం మేం రాసిచ్చిందే. నేను చెప్పిన నిజాన్ని పట్టుకెళ్ళి తన అబద్ధానికి కర్రగా చేసుకున్నాడు.

"షఫీ, ఆ వీడియో ఉంది కదయ్యా!" అన్నాను.

"అది సార్ ఫోన్లో గదా అక్కా, మనకెట్లా దొరుకుతాది?" అన్నాడు. అతను ఆ గ్రూపులో ఎందుకుంటాడు? తనని చూసి అంతమంది నవ్వారని కూడా అతనికి తెలియదు.

ఆ గ్రూపులో వీడియో చూసి చప్పట్లు కొట్టిన తండ్రులకి ఫోన్లు చేశాను. కొండెక్కిన ఇద్దరికీ చేశాను. ముదీర్ దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పండన్నాను. ఒకాయన, "పిల్లాడికి బోర్డు పరీక్షలు దగ్గరకొస్తున్నాయమ్మా" అన్నాడు. ఇంకొకాయన, "బంకువాళ్ళ గొడవ మనకెందుకండీ, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు" అన్నాడు. అందరూ ఇంజినీర్లు, మేనేజర్లు. ఏసీ గదుల్లో కూర్చుని కూర్చుని వెన్నెముకలు చల్లారిపోయినవాళ్ళు. ఒక మనిషి అన్నం పోతుంటే వీళ్ళకి త్రికోణమితి గుర్తొచ్చింది. మాస్టారి మీద కంటే వీళ్ళ మీదే ఎక్కువ అసహ్యం వేసింది ఆ పూట.

ఆదివారం ఉదయం నేనే వెళ్ళాను. బంకు ముదీర్ కేరళ మనిషి, తక్కువ మాట్లాడతాడు, అందరితోనూ హిందీలోనే. దక్షిణామూర్తి గారు అప్పటికే కుర్చీలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. షఫీ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అతనికి ఎవరూ కుర్చీ చూపించలేదు. నన్ను చూడగానే మాస్టారి ముఖం వెలిగింది. తన సాక్షి వచ్చిందనుకున్నాడు.

"చెప్పమ్మా, నైంటీ వన్ వల్లే పోయిందని చెప్పు" అన్నాడు.

"నైంటీ వన్ వల్లే పోయింది" అని ముదీర్‌తో హిందీలో చెప్పాను. "అది ఎవరు పొయ్యమన్నారో ఇందులో ఉంది" అని ఫోను బల్ల మీద పెట్టి వీడియో నొక్కాను.

"డియర్ పేరెంట్స్" అన్న తన గొంతు వినగానే మాస్టారు కుర్చీలో కదిలాడు. వీడియో చివరిదాకా నడిచింది. షఫీ తన ముఖాన్ని ఆ తెరమీద మొదటిసారి చూసుకున్నాడు. నవ్వుతున్న తన ముఖాన్ని, ఆ పైన వచ్చిన చప్పట్ల బొమ్మల్ని. గోడవైపు తిరిగాడు. దక్షిణామూర్తి గారిని నేను జన్మలో క్షమించను అని నిశ్చయించుకున్నది ఆ క్షణంలోనే.

ముదీర్‌కి తెలుగు రాదు. అర్థం చెప్పమని నా వైపు చూశాడు. "మాట్లాడింది ఆయనే. ఆయన్నే చెప్పమనండి" అన్నాను.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఏ మనిషికీ రాదు. ఆయన హిందీలో, కళ్ళార్పకుండా, "మై ఇస్కో నైంటీ ఎయిట్ డాల్నే కో బోల్ రహా హూ. యే లడ్కా సున్ నహీ రహా" అన్నాడు. తాను తొంభై ఎనిమిది పొయ్యమంటే కుర్రాడు వినడం లేదట. నెరిసిన గడ్డం ఉన్న షఫీ, కుర్రాడు!

నేను నోరు తెరవబోయాను. ముదీర్ చెయ్యెత్తి ఆపి, వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మన వాళ్ళం అంకెలు తెలుగులో చెప్పడం ఏనాడో మానేశాం. మాస్టారైతే మరీను. ఆ గదిలో ఆయన గొంతు ఖంగుమని మోగింది: నైంటీ వన్. కంపెనీవాడు నైంటీ వన్ అంటాడు. తర్వాత షఫీ సన్నటి గొంతు: నైంటీ ఎయిటే సార్. తర్వాత వెనక బెంచీ దాకా వినపడేలా, నైంటీ వన్! చీటీ మీద వేలు కూడా స్పష్టంగా కనపడుతోంది, వేలికున్న పగడపు ఉంగరంతో సహా.

ముదీర్ ఫోను నాకు తిరిగిచ్చి నెమ్మదిగా అన్నాడు. "సార్, తెలుగు ముఝే నహీ ఆతీ. లేకిన్ నైంటీ వన్ తో సమఝ్ మే ఆతా హై."

తెలుగు రాకపోయినా నైంటీ వన్ మాత్రం అర్థమవుతుందట. మాస్టారి మెడ ఆయన కారు రంగుకి తిరిగింది. లేచాడు. క్షమించమని అడుగుతాడేమోనని పిచ్చిదానిలా ఎదురుచూశాను. తలుపు దగ్గర షఫీ ముందు ఆగి, తెలుగులో అన్నాడు.

"తెలిసినవాడివి, నువ్వైనా ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సిందయ్యా."

అని వెళ్ళిపోయాడు. అంత చదువూ, అన్ని ర్యాంకులూ, అన్ని తెల్లబోర్డులూ కలిసి ఆ మనిషికి నేర్పింది ఆ ఒక్క వాక్యం.

కంప్లైంటు చించేశారు. షఫీ మళ్ళీ టోపీ పెట్టుకుని ఎండలోకి వెళ్ళాడు. ఎర్రకారు తునకలు ఎవరో షార్జావాళ్ళు పట్టుకుపోయారు. గ్రూపులో ఎవరూ దాని గురించి ఒక్క మాట రాయలేదు. మాస్టారు మర్నాడు శంకువుల ఘనపరిమాణం మీద వీడియో పెడితే మళ్ళీ అవే చప్పట్ల బొమ్మలు. మా అమ్మాయిని మాత్రం మానిపించాను. శంకువులు నేనే చెప్పుకుంటున్నాను, తిట్టుకుంటూ.

ఆ తర్వాత ముదీర్ ఆ బంకులో ఒక నియమం పెట్టాడు. కస్టమరు నోటితో అంకె చెబితే తప్ప, పోసేవాడు దాన్ని తిరిగి చెబితే తప్ప పైపు ఎత్తకూడదు.

మాస్టారు చాలా కాలం ఆ వైపు రాలేదు. పెట్రోలుకని ఊరవతల బంకుకి పోతున్నాడని చాముండేశ్వరి చెప్పింది. పాత సన్నీయే మళ్ళీ గతి. కానీ ఎంతటి మేధావి కారైనా ట్యాంకు ఖాళీ అయితే ఆగుతుంది కదా. ఒకరోజు స్కూలు వదిలే వేళ, బంకులో వరసలన్నీ నిండి ఉన్నప్పుడు, ఆ సన్నీ గునుస్తూ గునుస్తూ వచ్చి షఫీ వరసలోనే ఆగింది. దాని వెనక నేను.

షఫీ అద్దం దగ్గరికి వంగాడు. ఆ నవ్వు తిరిగొచ్చేసింది.

"సలాం సార్. ఏది పొయ్యమంటారు?"

మాస్టారు స్టీరింగు వైపు చూస్తూ ఏదో గొణిగాడు. షఫీ పైపు ఎత్తలేదు. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఇంకాస్త వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"గట్టిగా చెప్పండి సార్. వెనక బెంచీకి వినపడాలి."

నేను నా కారు అద్దం దించాను.